తాతయ్య సందేహాలు

మా తాతయ్య ఇశ్రాయేలు గారికి ఒకటే జబ్బు. తెలిసిన సంగతే అడుగుతారు. ఇంట్లో అడిగితే సర్దుకుపోయేవాళ్ళం. ఆయన అడిగేది రేడియోలో.

మా ముక్తేశ్వరం చుట్టుపక్కల పది ఊళ్ళకి వినబడే చిన్న రైతుల రేడియో ఒకటుంది. సాయంత్రం అయిదింటికి సుప్రియ గారు "సందేహాలుంటే ఫోన్ చెయ్యండి" అనడమే ఆలస్యం.

"ఆయ్, నేనేనండీ, ఇశ్రాయేలుని."

"మళ్ళీ మీరేనా తాతగారూ! చెప్పండి."

"కొబ్బరిమొక్కకి ఎన్నాళ్ళకోసారి నీళ్ళు పెట్టాలండీ?"

యాభై ఏళ్ళు కొబ్బరితోటలో బతికిన మనిషి! టెన్త్ మూడుసార్లు తప్పిన నేనే చెప్పగలను ఆ జవాబు. నానమ్మకి తల కొట్టేసినట్టుండేది.

"చర్చిలో తలెత్తుకోలేకపోతున్నాను. పోయినవారం ఎరువాయన పెళ్ళాన్ని, ఈవారం నీళ్ళాయన పెళ్ళాన్ని!"

"తెలుసుకుంటే తప్పేంటే జయమ్మా?"

ఓరోజు ఇంకోటి అడిగారు. "మొక్క ఆకులు కత్తెరేసినట్టు తెగిపోతున్నాయండీ, ఏం పురుగండీ?" సుప్రియ గారు పురుగు పేరూ మందూ ఓపిగ్గా చెప్పారు. నేను తోటంతా తిరిగొచ్చాను. ఒక్క ఆకూ తెగలేదు.

మర్నాడు పొద్దున్నే తాతయ్య వెనకాలే వెళ్ళాను. కంచె దగ్గర కొంగలా మెడ సాచి, పక్క తోటలోకి చూస్తున్నారు. అది సత్యదుర్గ గారిది. భర్త కువైట్లో ఉంటే ఒక్కతే నలభై మొక్కలు నాటింది. అందులో నాలుగింటికి ఆకులు తెగిపోయి ఉన్నాయి.

"ఆవిడకే చెప్పొచ్చుగా తాతయ్యా?"

"చెప్పేనే జాస్మిన్. దారినపోయే ప్రతివాడూ సలహా చెబుతుంటే విసిగిపోయింది పాపం. 'నాకు చేతకాదనుకుంటున్నారా బాబాయిగారూ' అంది. మనుషుల మాట వినదు. పాకలో రేడియో మాత్రం రోజంతా మోగుతానే ఉంటది." చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "మీ నానమ్మకి చెప్పకే, ఊరంతా తెలిసిపోద్ది."

నెల తిరిగేసరికి రేడియోలో కొత్త గొంతు.

"సత్యదుర్గనండీ. సందేహం కాదండీ, ఆ ఇశ్రాయేలు బాబాయిగారికి చెప్పాలండీ. కొమ్ముపురుగుని ఇనప చువ్వతో లాగేసి, వేపపిండీ ఇసకా కలిపి లేతాకుల మొవ్వులో వెయ్యమనండి. మీరు రేడియోలో చెప్పినట్టే చేస్తే నా మొక్కలు నాలుగూ బతికేయండి. పాపం పెద్దాయనకి ఏమీ తెలీదు. ఇప్పుడే వెళ్ళి నేనే చూపిస్తానండీ."

నానమ్మ చీరకొంగు మొహానికి కప్పేసుకుంది. తాతయ్య మాత్రం పెళ్ళికొడుకులా వెలిగిపోతూ లేచారు.

"జయమ్మా, టీ పెట్టు! ఒసే జాస్మిన్, కత్తెర తీసుకుని తోటలోకి పరిగెత్తవే. ఆవిడ వచ్చేలోగా మన మొక్కకి నాలుగాకులు కత్తిరించు!"