సప్పుడు ఎనక వస్తది

పరాయిదేశంలో మేముండే స్వోర్డ్స్ ఊళ్ళో మా పక్కింటి ఆంటీ, మా పాప సైకిల్ మీంచి పడితే వెంటనే పరుగెత్తేవారు కాదు. చూపుడువేలు ఎత్తి ఒక్క క్షణం ఆగేవారు. ఏడుపు వినపడ్డాకే వెళ్ళి ఎత్తుకునేవారు. ఈవిడది రాతిగుండె అనుకునేదాన్ని.

రిసెషన్ ముదరకముందు కొన్న టికెట్లతో మా రెండు కుటుంబాలూ అలాస్కా వెళ్ళాం. సముద్రంలోకి దిగిన హిమానీనదానికి ఎదురుగా, చాలా దూరంలో మా పడవ ఆగింది. చూస్తుండగానే మేడంత మంచుగోడ విరిగి నీళ్ళలోకి జారిపోయింది. చప్పుడే లేదు.

"అంతేనా?" అన్నాను.

ఆంటీ శాలువాలోంచి వేలు బయటికి తీశారు. "ఆగు బిడ్డా. సప్పుడు ఎనక వస్తది. మా కరీంనగర్‌ల గుట్టలు పేల్చినప్పుడు గూడ గంతే, ముందుగాల పొగనే కనపడ్తుండె."

అప్పుడొచ్చింది ఉరుములాంటి మోత. పడవ రెయిలింగ్ గట్టిగా పట్టుకున్నాను.

తిరిగొచ్చిన కొన్ని వారాలకే డాక్‌ల్యాండ్స్‌లోని ఆఫీసులో నా ఉద్యోగం పోయింది. ఆ సాయంత్రమే ఆంటీ వంటింట్లో నిలబడి నవ్వుతూ చెప్పాను. "నేను గ్రాండ్‌గానే, బాగానే ఉన్నాను ఆంటీ. ఇంకోటి దొరుకుతుందిలే."

ఆంటీ పోపు పెడుతున్న పొయ్యి ఆపేశారు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన తనూ కూర్చుని, చూపుడువేలు ఎత్తారు.

నాకు ఏడుపు వచ్చేదాకా దించలేదు.