కాదనడానికి నేర్చుకున్న ఇంగ్లీషు

మొన్న ఆదివారం పేపరు మధ్యలోంచి జారిపడిన ఒక కరపత్రం నా పొద్దంతా పాడుచేసింది. మా యాకుత్‌పురా సందులో కొత్తగా తెరిచిన కోచింగ్ సెంటరు వాళ్లది. వ్యాపారపు ఇంగ్లీషు గలగలా మాట్లాడిస్తారట, అందుకు పది సూత్రాలట, వాటిలో మొదటిది కస్టమరుతో ఎన్నడూ ‘నో’ అనకూడదని. మిగతా తొమ్మిదీ నేను చదవలేదు. చదివితే నేరుగా వెళ్లి పోట్లాడతానని కనిపెట్టిన మా వారు ఆ కాగితాన్ని వంటింటి అలమరలో పప్పుడబ్బాల కింద పరిచేశారు. నా ఈడువాళ్లు మీరైనా వింటారని రాస్తున్నాను, ఎందుకంటే నాకు ఇంగ్లీషు నోటికి వచ్చిందే ఆ ఒక్క మాట అనవలసి రావడం వల్ల.

ఎనభైల మొదట్లో బి.ఏ. పట్టా చేతబట్టుకుని, టైపు లోయరూ హయ్యరూ రెండూ గట్టెక్కి, దబీర్‌పురాలో ఒక జరీ పని కార్ఖానాలో టైపిస్టుగా చేరాను. కార్ఖానా అంటే యంత్రాలూ పొగగొట్టాలూ అనుకునేరు. పాతకాలపు ఇంట్లో పొడుగాటి హాలు, మంచాల్లాంటి చెక్క చట్రాలకు బిగించిన మఖ్మల్ గుడ్డలు, వాటి చుట్టూ నేలమీద కూర్చుని సూదితో బంగారు తీగ పువ్వులు కుట్టే పదిహేనుమంది పనివాళ్లు, ఓ మూల నేనూ నా టైపు మిషనూ, అంతే. కుట్టిన గుడ్డలు లండన్ దుకాణాలకు వెళ్లేవి. యజమానిని అందరం సేట్ సాబ్ అనేవాళ్లం. ఆయన మేనల్లుడు ఖరీదైన బోర్డింగు స్కూల్లో చదివొచ్చినవాడు. ఉత్తరాలు అతను చెబుతుంటే నేను కొట్టేదాన్ని.

నేను చదివిందంతా తెలుగు మీడియం. కాలేజీలో ఇంగ్లీషు చదివాను, రాశాను, మంచి మార్కులే తెచ్చుకున్నాను, నోరు తెరిచి మాట్లాడింది మాత్రం లేదు. పైగా రోజూ ఆ ఉత్తరాలు కొట్టికొట్టి మనుషులు మాట్లాడుకునేదీ అలాగే కాబోలు అనుకున్నాను. అందుకే చేరిన ఏడాది లండన్ నుంచి కొనుగోలుదారు వచ్చినప్పుడు, చాయ్ సంగతి చెప్పి రమ్మని సేట్ సాబ్ పంపితే, నేను వెళ్లి నిటారుగా నిలబడి, “విత్ రిఫరెన్స్ టు యువర్ విజిట్, ఐ యామ్ డైరెక్టెడ్ టు ఇన్‌ఫామ్ యూ దట్ టీ ఈజ్ రెడీ” అన్నాను. ఆ పెద్దమనిషి చిరునవ్వుతో ఊరుకున్నాడు. మేనల్లుడు ఊరుకోలేదు. “క్యా మేడం, చిట్టీ పఢ్ రైఁ క్యా?” అని, ఉత్తరం చదువుతున్నానా అని, అందరూ వినేలా అడిగి మరీ నవ్వాడు. ఆ రోజునుంచి దొరగారు వస్తే నేను నా మూల దాటకూడదని హుకుం. నాకు ఒళ్లు మండిపోయింది. కార్ఖానాలో నిర్ణయాలన్నీ జరిగేది ఆ చాయ్ బల్ల దగ్గర. అక్కడ నాకో కుర్చీ కావాలని ఆ రోజే పంతం పట్టాను.

మా పక్కింటి అమ్మాయి ఉర్దూ మీడియం బడిలో టీచరు, ఆమె సంగతీ నాలాంటిదే. ఇద్దరం రోజూ యాకుత్‌పురా నుంచి దబీర్‌పురా దాకా కలిసి నడిచేవాళ్లం కనుక, ఆ దారి పొడుగునా ఇంగ్లీషు తప్ప మాట్లాడకూడదని, తప్పినవాళ్లు ఇద్దరి టిఫిన్ డబ్బాలూ మోయాలని ఒప్పందం చేసుకున్నాం. మొదటి వారం ఎండ బాగుంది, మబ్బు బాగుంది అనుకునేసరికి యాకుత్‌పురా రైలు స్టేషను కూడా దాటకుండానే మాటలైపోయేవి. ఒకనాడు ఆమె అరగంట ఆలస్యంగా వచ్చింది, నేను ఉర్దూలో దులిపేశాను, ఆమె అంతకు రెట్టింపు దులిపింది. నడుస్తూ నడుస్తూ నేనే ఆగి, ఈ జగడమేదో ఇంగ్లీషులోనే ఆడదామన్నాను. ఇక చూడాలి, డిక్షనరీలో ఏ మూలనో పడుకున్న మాటలన్నీ లేచి నాలుక మీదికొచ్చాయి. అప్పటినుంచి రోజుకో పేచీ పెట్టుకున్నాం. బగారా బైంగన్‌లో కొబ్బరి వెయ్యాలా వద్దా అన్నది ఒక్కటే నాలుగు రోజులు నడిచింది. ఇంటికొచ్చాక కూడా ఆగక నేను పెరట్లో ఇంగ్లీషులో వాదించుకుంటుంటే మా అమ్మ తలుపు దగ్గర నిలబడి, “ఇంట్ల చేసే లొల్లి సాల్లేదానే, ఇంగ్లీషుల గూడ లొల్లేనా?” అనేది. సాల్లేదమ్మా అనేదాన్ని.

మరుసటి ఏడు దొరగారు మళ్లీ వచ్చారు. పెద్ద ఆర్డరు తెచ్చారు, నెల రోజుల్లో మొత్తం కావాలన్నారు. వచ్చేది రంజాన్ నెల. పనివాళ్లంతా ఉపవాసాలుంటారు, మధ్యాహ్నం దాటితే సూది కొన కళ్లకు ఆనదు, ఆ నెలలో పని సగమే సాగుతుంది. ఇది ఆ హాల్లో అందరికీ తెలుసు, కానీ ఇంటికొచ్చిన అతిథి అడిగినదానికి కాదనడం మా పాతబస్తీ మర్యాదలో లేదు. సేట్ సాబ్ గుండెమీద చెయ్యి పెట్టుకుని “హో జాయేగా” అన్నారు, అయిపోతుందని. మేనల్లుడు తన చక్కని ఇంగ్లీషులో సర్టెన్లీ, నో ప్రాబ్లమ్ అన్నాడు. మూడేళ్లుగా జరుగుతున్నదీ ఇదే. సరేననడం, సరుకు ఆలస్యం కావడం, తొందరలో కుట్టినవి తిరిగి రావడం, క్షమాపణ ఉత్తరాలు వెళ్లడం, నేను చేరాక అవి కొట్టేది నేనే. ఈసారి కూడా తప్పితే దొరగారు మరో ఊరు చూసుకుంటారని కిందటి ఉత్తరంలో రాశారు కూడా. ఆ బేరం పోతే పదిహేను ఇళ్ల పొయ్యి ఆరిపోతుంది.

పనివాళ్లలో పెద్దాయన సూది ఆపి నావైపు చూశాడు. “బేటీ, తూ బోల్ నా” అన్నాడు మెల్లగా, నువ్వే చెప్పమ్మా అని. నేను లేచి బల్ల దగ్గరికి వెళ్లి, నో సర్, ఇట్ ఈజ్ నాట్ పాజిబుల్ అన్నాను.

మేనల్లుడి ముఖం పాలిపోయింది. దొరగారు ఎందుకని అడిగారు. చెప్పాను. రెండు వారాలు ఎక్కువిస్తే అని బేరం పెట్టారు, అదీ చాలదన్నాను. మనుషుల్ని పెంచమన్నారు, ఈ పువ్వు కుట్టే చెయ్యి తయారవడానికి ఆరేళ్లు పడుతుంది, కావాలంటే మీరు కూర్చుని ఒక ఆకు కుట్టి చూడండన్నాను. పనివాళ్లకు ఇంగ్లీషు రాకపోయినా సూదులన్నీ ఆగిపోయాయి. చివరికి సగం సరుకు పండుగకు ముందు, మిగతా సగం పండుగయ్యాక నెలకు అన్న నా మాటకు ఆయన ఒప్పుకుని, మూడేళ్లలో ఈ హాల్లో నాకు నిజమైన తేదీ చెప్పిన మొదటి మనిషివి నువ్వే అన్నారు. సేట్ సాబ్ మేనల్లుడి వైపు తిరిగి, “మేడంకు కుర్సీ లావ్” అన్నారు. ఆ కుర్చీ అతనే మోసుకొచ్చి వేశాడు, ఆ దృశ్యం నేనిప్పటికీ కళ్లు మూసుకుని చూసుకుంటుంటాను.

చెప్పిన రోజుకు ఒక రోజు ముందే సరుకు వెళ్లింది, ఒక్క గుడ్డ తిరిగి రాలేదు. ఆ బల్ల దగ్గర పద్దెనిమిదేళ్లు కూర్చున్నాను, ఎన్నో దేశాల వాళ్లతో నా యాకుత్‌పురా ఇంగ్లీషులోనే వాదించాను, ఎక్కువసార్లు నేనే గెలిచాను.

సేట్ సాబ్ పోయారు. ఇప్పుడు ఆయన మనవడు నడుపుతున్నాడు, మంచివాడే, ఎప్పుడైనా నన్ను పిలిచి కూర్చోబెట్టుకుంటాడు. లండన్ నుంచి ఎవరూ రారు. ఫోనులో ఒక తేదీ వస్తుంది, వీళ్లు బదులుగా సరేనన్నట్టు పైకెత్తిన ఒక బొటనవేలి బొమ్మ పంపుతారు, బేరం కుదిరిపోయినట్టే. హాల్లో చట్రాలు నాలుగే మిగిలాయి, వాటి దగ్గర తల వంచుకున్న వాళ్లను ఆ తేదీ కుదురుతుందా అని అడిగేవాళ్లు లేరు. మూడు భాషల్లో జగడమాడిన దాన్ని, ఆ బొటనవేలితో ఎలా పేచీ పెట్టుకోవాలో మాత్రం నాకు ఏ భాషలోనూ తెలియడం లేదు.