మాంసం లేని మాంసకృత్తులు

గోధుమ అంటే జ్వరం తగ్గినవాళ్ల పథ్యమే తప్ప మనుషుల తిండి కాదని మా వైపు గట్టిగా నమ్మే కాలం అది. అరవైల మొదట్లో గుత్తి దగ్గర ఒక పల్లెలో నాకు గ్రామసేవిక ఉద్యోగం వచ్చింది. ఇరవై ఏళ్లు, కొత్త చెప్పులు, శిక్షణలో బట్టీపట్టిన నోట్సు, వీటన్నిటినీ మించిన పొగరు. అప్పటి నన్ను తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

నేను అద్దెకున్న ఇంటావిడను ఊరంతా తిరగలి పెద్దమ్మ అనేవారు (నోరు తిరగడం మొదలుపెడితే ఆగేది కాదు). నా మాట నమ్మి, జొన్న వేసే నల్లరేగడి చేలో సగం బన్సీ గోధుమ వేసింది. నీళ్లు కట్టకుండా, చివరి వానల తేమకే పండే గట్టి రకం అది. గింజ పసుపుగా, రాయిలా ఉంటుంది, రవ్వకు దాన్ని మించింది లేదు. పంట బాగానే వచ్చింది. ఇక ఊళ్లోవాళ్లు ఆ గోధుమలు తీసుకుని బదులు జొన్నలిస్తేనే ఆమెకు ఏడాదంతా సంగటి. అందుకని రవ్వ విసిరి, ఉప్మా వండి, ఆడవాళ్లందరినీ పిలిచాం.

అందరూ విస్తళ్ల ముందు కూర్చున్నాక నేను ఊరుకోవచ్చుగా! లేచి, "అమ్మలారా, ఈ గోధుమలో మాంసకృత్తులు మెండుగా ఉన్నాయి" అని ఉపన్యాసం దంచాను. ఆ రోజు శనివారం. శనివారం నీసు ముట్టని ఊరది.

"ఏమీ, మాంసమా?" అంది ఎదురింటి అక్క, నోటిదాకా వచ్చిన ముద్ద విస్తట్లో పడేసి. "శనివారం పూట మాంసం తినిపిస్తాండావా? మేమేం పాపం చేసినామమ్మా నీకు?"

క్షణంలో పంక్తి ఖాళీ. "మాంసం కాదు, మాంసకృత్తులు!" అని వెంటపడి అరిచాను (ఎంత అరిస్తే వాళ్లకు అంత మాంసమే వినబడింది). ఆ మాట పుట్టించిన మహానుభావుడెవరో ఆ రోజు నా చేతికి దొరికి ఉంటే పీక పిసికేసేదాన్ని. వారం రోజులు ఒక్క మనిషి మా గడప తొక్కలేదు.

పెద్దమ్మ నా మీద విరుచుకుపడింది. "నిన్ను నమ్మితే నా నోట్లో మన్ను కొట్టినావు గదే! ఆ కృత్తులో గిత్తులో, ఇంగ దేంట్లో ఉంటాయో చెప్పు!"

"కందిబేడల్లో, శనగల్లో..." అన్నాను ఏడుస్తూ.

"బేడల్లో ఉండే బలమే అని ముందే ఏడ్చింటే సరిపోతాండె గదే, సదువుకున్నదానా!"

గోధుమల గంప నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. "బేడల బలం ఉండాది దీంట్లో! మాంసం గీంసం ఏమీ లేదు. తప్పు ఈ పాప సదువులో ఉండాది, నా గింజలో లేదు" అంటూ ప్రతి గడపలోనూ నన్ను తిట్టి మరీ గోధుమలిచ్చి జొన్నలు తెచ్చుకుంది. పది రోజుల్లో ఆమె గాదె నిండింది. నాకు మాత్రం 'మాంసం పాప' అనే పేరు మిగిలింది.

ఆ పేరుతో పిలిస్తే అప్పట్లో కొట్టడానికి వెళ్లేదాన్ని. ఇప్పుడు అలా పిలిచేవాళ్లు ఒక్కరూ మిగలలేదు. తలచుకుంటే నవ్వొస్తుంది గానీ, వాళ్లు లేకుండా పోయినందుకూ నాకు కోపమే.