నల్లట్ట క్యాసెట్టు తరఫున మా ఆయన

మా ఆయన పేరు సురేంద్ర. బోరు బండి మీద పని చేసేవాడు. బోరు బండి తెలియనివాళ్ళు అనంతపురం జిల్లాలో ఉండరు గానీ, బయటి ఊళ్ళవాళ్ళ కోసం చెప్తున్నాను. లారీ మీద కంప్రెసరు, ఇనుప రాడ్లు పెట్టుకుని ఊరూరా తిరుగుతూ నీళ్ళ కోసం నేలలో బొక్కలు వేసే బండి అది. నీళ్ళు పడితే రైతు ఆ బండికి పూలదండ వేస్తాడు. పడకపోతే బండివాళ్ళ మొహం కూడా చూడడు. మా వైపు పడని ఊళ్ళే ఎక్కువ. అలాంటి పని చేసే మనిషికి అమెరికావాళ్ళ గ్రంజ్ పాటల పిచ్చి పట్టింది. నన్నడిగితే పిచ్చి అనే మాట కూడా చాలదు.

ఆ పిచ్చి అంటించింది శ్రీకాంత్. శింగనమల దగ్గర పొలాలున్న పెద్ద కుటుంబం. బెంగళూరులో ఇంజనీరింగు చదివి వచ్చి, అనంతపురం సుభాష్ రోడ్డులో పంపుసెట్ల అంగడి పెట్టాడు. తొంభై ఎనిమిదిలో, నల్లమాడ దగ్గర ఒక చేనులో మావాళ్ళు బోరు వేస్తుంటే మోటారు బేరానికి జీపులో వచ్చాడట. జీపులో పాట మోగుతోందట. మా ఆయన ఒంటినిండా రాతిపొడితో అలాగే వెళ్ళి ఆ జీపు పక్కన నిలబడ్డాడట. ఏం కావాలప్పా అని శ్రీకాంత్ అడిగితే, ఈ పాట కట్టినవాళ్ళు బోరు బండి మీద పని చేసినవాళ్ళేనా అని అడిగాడట. శ్రీకాంత్ మొదట నవ్వాడు. తర్వాత ఈ మనిషి నిజంగానే అడుగుతున్నాడని తెలిసి, జీపు తలుపు తీసి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అంతే, ఆ రోజు నుంచి వాళ్ళిద్దరినీ విడదీయడం నా వల్ల కాలేదు.

మూడోవాడు నారాయణ. పాతూరులో క్యాసెట్లు రికార్డు చేసిచ్చే అంగడి ఆయనది. శ్రీకాంత్ బెంగళూరు స్నేహితుల దగ్గర అసలు క్యాసెట్లు అరువు తెచ్చేవాడు. నారాయణ వాటికి కాపీలు తీసి, అంగడిలో ఏ రంగు కాగితం ఉంటే ఆ కాగితం అట్ట వేసి ఇచ్చేవాడు. ఆ ఇంగ్లీషు పేర్లు శ్రీకాంత్ తప్ప మిగతా ఇద్దరికీ నోరు తిరిగేవి కావు. అందుకని నీలమట్ట, నల్లట్ట, పచ్చట్ట అనే పేర్లే నిలిచిపోయాయి.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ రుద్రంపేటలో మా అద్దె ఇంటి వసారాలో చేరేవాళ్ళు. చేరి కొట్లాడుకునేవాళ్ళు. ఏ క్యాసెట్టు అన్నిటికన్నా గొప్పదని! అన్నదమ్ములు గట్టు తగాదాలో కూడా అంత పట్టుదలగా మాట్లాడుకోరు. నేను ఒక మూల మిషను మీద రవికలు కుట్టుకుంటూ, మధ్యలో లేచి బొరుగుల ఉగ్గాని, బజ్జీలు చేసిపెడుతూ అంతా వినేదాన్ని. గ్రంజ్ అంటే ఏమిటని ఒకసారి అడిగితే, చిరిగిన చొక్కాలు వేసుకుని, గిటార్లు గరగరమనిపిస్తూ, మనసులో బాధనంతా గొంతు చించుకుని పాడేదని శ్రీకాంత్ చెప్పాడు. చిరిగిన చొక్కాలే గొప్పయితే మా అత్తగారి ఊళ్ళో అందరూ గొప్పవాళ్ళే కదన్నా అన్నాను. ఆ పాటలు పుట్టిన ఊళ్ళో ఎప్పుడూ వాన పడుతూనే ఉంటుందని కూడా ఆయనే చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది. అంత వాన పెట్టుకుని ఇంకా ఏడుపెందుకని అడిగాను. దానికి మా ఆయన, వానొచ్చే ఊళ్ళో కూడా ఏడుపుంటుందని, వాన లేదు కాబట్టి మనకు ఆ సంగతి తెలియలేదని అన్నాడు. ఇలాంటి మాటలు అంటాడనే ఆయనంటే నాకు ప్రాణం. ఎదురుగా మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

శ్రీకాంత్‌ది నీలమట్ట పక్షం. ఆ ఒక్క క్యాసెట్టే లేకపోతే లోకంలో ఇంకెవరూ ఈ పాటలు వినేవాళ్ళే కాదనేవాడు. మా ఆయనది నల్లట్ట. నీలమట్టను తాడిపత్రి బండలాగా పాలిష్ పట్టేశారనీ, నల్లట్ట మాత్రం గుట్టలో రాయి ఎలా ఉంటుందో అలాగే ఉందనీ వాదించేవాడు. నారాయణ ఎవరి పక్కన కూర్చుంటే వాళ్ళ పక్షం. వ్యాపారస్తుడు కదా!

ఆ నల్లట్టది ఒక కథ. నారాయణ అంగడిలో రెండు టేపు డెక్కులు ఉండేవి. రికార్డు చేసేదానికి స్టెబిలైజరు పెట్టుకున్నాడు. అసలు క్యాసెట్టు పాడే పాతదాన్ని మాత్రం నేరుగా గోడ ప్లగ్గులో గుచ్చేవాడు. ఎండాకాలం సాయంత్రాల్లో కరెంటు బలం తగ్గిపోయి ఫ్యాను రెక్కలు లెక్కపెట్టేటట్టు తిరుగుతుంటే, ఆ పాత డెక్కు కూడా ఈడ్చుకుంటూ పాడేది. నల్లట్ట అలాంటి సాయంత్రమే కాపీ అయింది. పాట మెల్లగా, పాడేవాడి గొంతు బావిలోంచి వస్తున్నంత లావుగా పడింది. అసలు క్యాసెట్టు బెంగళూరుకు వెళ్ళిపోయింది. శ్రీకాంత్ కూడా జీపులో ఒకసారి పైపైన విన్నాడంతే. కాబట్టి వీళ్ళు ఏళ్ళ తరబడి కొట్లాడుకున్నది, లోకంలో ఇంకెవరూ వినని పాటల గురించి.

ఆ సంగతి బయటపడింది శ్రీకాంత్ నల్లట్ట సీడీ కొనుక్కొచ్చిన రోజు. కొత్త సీడీ ప్లేయరు మా వసారాలో పెట్టి మీట నొక్కాడు. పాట చురుగ్గా, సన్నగా, ఎక్కడికో పోవాల్సినట్టు పరుగెత్తింది. నారాయణ నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. శ్రీకాంత్ కడుపు పట్టుకుని నవ్వాడు. మా ఆయన ముందుకు వంగి, తల పక్కకు పెట్టి, చాలాసేపు విన్నాడు.

"పాడేటోడు యాడికి పోయినాడప్పా?" అన్నాడు.

ఎగతాళి అనుకుని వాళ్ళిద్దరూ ఇంకా నవ్వారు. నేను మిషను ఆపేశాను. పాడేవాడి గొంతు అంత దూరంలో ఉన్న నాకే స్పష్టంగా వినపడుతోంది. మా ఆయన అటూ ఇటూ చూసి చివరికి నా వైపు చూశాడు. ఆ కళ్ళలో భయం ఉంది.

వాళ్ళు వెళ్ళాక అడిగాను. దాచలేదు. కుక్కరు కూత వినపడి చాలా రోజులైందట. కంప్రెసరు పక్కన ఏళ్ళ తరబడి నిలబడితే సన్న శబ్దాలన్నీ ఒక్కొక్కటే పోయాయట. లావు శబ్దాలు మిగిలాయి. నల్లట్టలో గొంతు లావుగా ఉంది కాబట్టి ఆ పాడేవాడు ఒక్కడే ఆయనకు పూర్తిగా మిగిలాడు. నేను పిలిస్తే పలకనిదీ అందుకేనా అన్నాను. తల ఊపాడు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆళ్ళకు చెప్పొద్దు మే. ఇనపడనోనికి పాటల గురించి ఏం తెలుస్తాదంటారు. ఆదివారం నాకు అదొగటే ఉండేది."

నేను చెప్పలేదు. కానీ చెప్పకుండా ఉంటే ఆగేదా? కొన్నాళ్ళకు బండి మీద రాడ్డు జారింది. పక్కకు తప్పుకోమని డ్రిల్లరు అరిచాడు, మా ఆయనకు వినపడలేదు. భుజం రాసుకుంటూ పోయి రాడ్డు నేలలో దిగబడింది. ఇంకొక జానెడు ఇటు పడితే నేను ఈ కథ ఇలా చెప్పేదాన్ని కాదు. బండి ఓనరు ఇంక రావద్దన్నాడు. ఆసుపత్రిలో డాక్టరు పరీక్ష చేసి, పోయింది తిరిగి రాదనీ, ఉన్నది కాపాడుకోవాలంటే బోరు బండి మొహం చూడొద్దనీ చెప్పాడు. బోరు బండ్లవాళ్ళందరూ మోటార్ల కోసం శ్రీకాంత్ అంగడికే వస్తారు కదా, ఆ కబురు సాయంత్రానికి అక్కడికి చేరింది. ఆయన మర్నాడే వచ్చి, అంగడిలో మోటార్లు బిగించే పనికి మా ఆయనను పిలుచుకుపోయాడు. ఆ మేలు నేను మర్చిపోను.

తర్వాతి ఆదివారం మామూలుగానే చేరారు. మా ఆయన నల్లట్ట గురించి ఏదో మొదలుపెట్టగానే శ్రీకాంత్ చెయ్యెత్తి, ఇంక వాదన వద్దు, నల్లట్టే గొప్పది, నేను ఒప్పుకుంటున్నాను అన్నాడు. నారాయణ వెంటనే, అవునవును, ముందునుంచీ నాదీ అదే మాట అన్నాడు. మాట్లాడేటప్పుడు ఇద్దరూ చంటిపిల్లలతో మాట్లాడినట్టు నోరు పెద్దగా తెరిచి మెల్లగా మాట్లాడారు. మా ఆయన వాళ్ళ మొహాలు ఒకటి తర్వాత ఒకటి చూశాడు. కాసేపటికి టేపురికార్డరు ఎత్తుకుని లోపల పెట్టేశాడు.

ఆ తర్వాత ఆదివారం వస్తే చాలు, నాయనను చూడాలని శింగనమల బస్సెక్కేవాడు. మా మామ చెన్నప్ప అయితే, తన మీద కొడుక్కి ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టిందని నన్నే అడిగాడు. అంగడిలో పని చేసుకునేవాడు, ఇంటికి వచ్చి తినేవాడు, పడుకునేవాడు. క్యాసెట్ల మీద దుమ్ము పేరుకుపోయింది. నేను దులిపి పెడితే కూడా చూడలేదు. ఆ మనిషి నా ఎదురుగానే తగ్గిపోతుంటే నాకు అన్నం సహించలేదు.

ఒక రోజు ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అడిగాను, అంత మంచి స్నేహితులు నీ మాటే నిజమని ఒప్పుకుంటే ఈ అలకేందని.

"ఓడగొట్టేదానికి గూడా పనికిరాకుండా పోయినానా ఈశ్వరీ?" అన్నాడు.

అంతే. నేను చెప్పులేసుకుని నేరుగా సుభాష్ రోడ్డుకు పోయాను. మా ఆయన మోటారు బిగించడానికి పల్లెకు వెళ్ళిన రోజు చూసుకునే పోయాను. శ్రీకాంత్ కుర్చీ వేయించాడు. కూర్చోలేదు. నల్లట్టే గొప్పదని నువ్వు నిజంగా అనుకుంటున్నావా అని అడిగాను. లేదమ్మా, నాకు ఎప్పటికీ నీలమట్టే అన్నాడు. మరెందుకు ఒప్పుకున్నావంటే, సురేంద్రకు వినపడదు కదా, ఇంకా ఏమని కొట్లాడేదన్నాడు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి పాపం. అయినా నేను తగ్గలేదు.

"చెవులు పోయినాయన్నా, బుద్ధి పోలేదు. నువ్వు జాలిపడి ఇచ్చే గెలుపు ఆయప్పకేంటికి? ఇనపడేదాకా అరిచి కొట్లాడు. చేతగాకపోతే మా ఇంటికి రావద్దు."

అంగడిలో మోటారు కొనడానికి వచ్చిన రైతులు నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. చూడనీ అనుకుని వచ్చేశాను. మా ఆయనకు పని ఇచ్చిన మనిషిని అంత మాట అనేశానే అని దారంతా భయం వేసింది.

ఆ ఆదివారం మా ఆయన బస్సుకు బయలుదేరుతుండగానే శ్రీకాంత్, నారాయణ వచ్చారు. శ్రీకాంత్ నమస్కారం లేదు, పలకరింపు లేదు. మా ఆయన కుడి చెవి కొంచెం మేలని తెలుసుకున్నాడో ఏమో, అటు పక్కకు వచ్చి కూర్చుని, ఊరంతా వినపడేటట్టు మొదలుపెట్టాడు. నీ నల్లట్టలో గొప్పతనం ఆ పాడినవాళ్ళది కాదు, మన కరెంటుదన్నాడు. కరెంటు సరిగ్గా ఉండుంటే నువ్వు ఆ క్యాసెట్టును తిప్పి కూడా చూసేవాడివి కాదన్నాడు. నారాయణ కూడా ఎటు దూకాలో తెలియక, మధ్యలో నా డెక్కునేమీ అనొద్దని అరిచాడు.

మా ఆయన చేతిలో సంచి కింద పెట్టాడు. మెడ నరాలు ఉబ్బాయి. కరెంటు ఊరంతటికీ తగ్గింది కదా, మరి మిగతా క్యాసెట్లెందుకు అంత గొప్పగా కాలేదని తగులుకున్నాడు. మెల్లగా పాడించినా నిలబడేదే పాటని, పాలిష్ పోతే నీలమట్టలో ఏమీ మిగలదని అన్నాడు. అయితే ఇప్పుడే తేలుద్దామని శ్రీకాంత్ లోపలున్న టేపురికార్డరునూ, దాని చెక్క స్పీకరు పెట్టెనూ వసారాలోకి తెచ్చి, నీలమట్ట పెట్టి, మా ఆయన అరచేతిని లాగి ఆ పెట్టె మీద ఆనించాడు. డ్రమ్ము మోత చేతిలోకి ఎక్కినట్టుంది. మా ఆయన కళ్ళు మూసుకున్నాడు. పాట మొత్తం అయ్యేదాకా చెయ్యి తీయలేదు. ఎదురింటి సుంకమ్మ గొడవేమిటో చూడ్డానికి వచ్చి, గడప దగ్గరే నిలబడిపోయింది. మేమందరం ఆయన మొహమే చూస్తున్నాం.

పాట అయిపోయింది. మా ఆయన కళ్ళు తెరిచాడు.

"ఈ పాట కాడ నువ్వు గెల్చినావు శ్రీకాంతా," అన్నాడు. "ఈ పాట వరకే. రెండోది పెట్టు, సూసుకుందాం."

ఆ మాట అనేటప్పుడు మా పెళ్ళినాడు కూడా చూడనంత సంతోషం ఆ మొహంలో ఉంది. శ్రీకాంత్ నా వైపు చూసి వెంటనే తల తిప్పుకుని, ఆయన చెవి దగ్గర మళ్ళీ గొంతు పెంచాడు. ఓడిపోయినందుకు ఇంత సంబరపడే మొగుణ్ణి ఎక్కడైనా చూశావా అని సుంకమ్మను అడుగుదామనుకున్నాను. లోపలికి పోయి, శనగపిండి కలుపుతూ ఏడ్చాను.