కోటు లోపలి గుడ్డ

మా పెదనాన్న కోట్లు కుట్టే టైలరు. ఎదుటి మనిషి ముఖం కంటే ముందు కాలరు చూస్తాడు. ఒకసారి ఆయాసమని ఆసుపత్రికి తీసుకెళితే, ఆయాసం సంగతి వదిలేసి డాక్టరు కోటు భుజం జారిందని చెప్పి వచ్చాడు. ఊళ్లో బిజినెస్ కాలేజీల పిల్లలందరికీ కోట్లు ఆయన కొట్లోనే తయారయ్యేవి. మెట్ల కింద ఇరుకు గది. ఒక పక్క మిషను, ఇంకో పక్క ఇస్త్రీ బల్ల, నెత్తి మీద తీగకు వేలాడే కోట్లు.

ఆయన కూతురు, అంటే మా అక్క, ఎకనామిక్స్ చదవాలనుకుంది. ధరలు ఎందుకు పెరుగుతాయో, ఫ్యాక్టరీలు ఎందుకు మూతపడతాయో తెలుసుకోవాలని తనకు చిన్నప్పటి నుంచీ ఒకటే పిచ్చి. పాత ప్రభుత్వ కాలేజీలో సీటు కూడా వచ్చింది. పెదనాన్న వెళ్లి చూసొచ్చి పెదవి విరిచాడు.

"అక్కడ లెక్చరరు చొక్కాకే గుండీ లేదమ్మా. సొంత గుండీ పట్టనివాడు నీ సంగతేం పట్టించుకుంటాడు?"

"నేను వెళ్లేది చదువుకోడానికి నాన్నా, బట్టలు కుట్టించుకోడానికి కాదు."

ఆయన చెవిన పెట్టలేదు. అప్పటికే ఆయన మనసు ఊరి చివర కొత్తగా పెట్టిన ఫైనాన్స్ కాలేజీ మీద ఉంది. మిగతా కాలేజీలు కోటు పైకి మెరిస్తే చాలనుకునేవి. వీళ్లు మాత్రం లోపల కూడా మేలురకం గుడ్డే వేయమన్నారు.

"లైనింగు ఎవడికీ కనపడదు. కనపడని చోట కూడా మంచి గుడ్డ వేయించేవాడు మోసం చెయ్యడు" అని తేల్చేశాడు.

ఆ కాలేజీకి అనుమతులు ఉన్నాయో లేవో కనుక్కోమని మా నాన్న అంటే పెదనాన్న ఆయన మీద విరుచుకుపడ్డాడు. అక్క అన్నం మానేసి, అలిగి, ఏడ్చి, చివరికి సరేనంది. తన కోటుకు కొలతలు తీస్తూ, నోట్లో గుండుసూదులు ఉండగానే పెదనాన్న కూనిరాగాలు తీశాడు. ఆయన్ని అంత సంతోషంగా నేను మళ్లీ చూడలేదు.

రెండో ఏడు సగంలో ఉండగా కాలేజీ బోర్డు తిప్పేసింది. డిగ్రీ ఇచ్చే అనుమతే దానికి లేదట. చదివిన చదువు ఎక్కడా చెల్లదు. అక్క పాత కాలేజీకి పరిగెత్తింది. ఆ గుండీ లేని లెక్చరరే తన వెంట ఆఫీసుల చుట్టూ తిరిగి, ప్రిన్సిపాల్ని బతిమాలాడు. సీట్లన్నీ ఎప్పుడో నిండిపోయాయి, వీలుపడలేదు.

తర్వాత మూతపడ్డ కాలేజీ పిల్లలు ఒక్కొక్కరే కోట్లు పట్టుకుని కొట్టుకు రావడం మొదలుపెట్టారు. ఉద్యోగాలు వెతుక్కోవాలి, జేబు మీది కాలేజీ బ్యాడ్జి తీసేయమనేవారు. ఒక్కరూ ఆయన్ని తిట్టలేదు. తిట్టినా బాగుండేది. పెదనాన్న తల వంచుకుని బ్లేడుతో కుట్లు విప్పేవాడు. బ్యాడ్జి ఊడొచ్చేది కానీ, చుట్టూ వెలిసిన నీలం గుడ్డలో దాని ఆకారం ముదురు మచ్చగా మిగిలిపోయేది. నాకు ఆయన మీద చచ్చేంత కోపం. అయినా గుడ్డ మీద ఒక్క దారప్పోగు కూడా మిగలకుండా ఏరే ఆ వేళ్లు చూస్తే ఏడుపొచ్చేది.

అందరికంటే ఆఖరున అక్క తన కోటు తెచ్చింది. బట్టల దుకాణంలో బిల్లులు కొట్టే పనికి రమ్మన్నారు. ఆయన బ్యాడ్జి విప్పాడు. గుడ్డ తడిపాడు, ఇస్త్రీ చేశాడు, మళ్లీ తడిపాడు. మచ్చ పోలేదు.

"లోపలి గుడ్డ చూడమ్మా, చెక్కుచెదరలేదు" అన్నాడు అలవాటు కొద్దీ, కోటు తెరిచి చూపిస్తూ. అనేశాక నాలుక కరుచుకున్నాడు.

అక్క చూసింది. నిజంగానే కొత్తదానిలా ఉంది.

"టైమవుతోంది నాన్నా, ఇలా ఇచ్చెయ్" అని కోటు తొడుక్కుని, మచ్చ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని వీధిలోకి వెళ్లింది.

ఇప్పటికీ ఆ దుకాణంలోనే ఉంది. ధరలు ఎందుకు పెరుగుతాయని ఇప్పుడు ఎవరినీ అడగదు. చీటీ మీద ఎంతుంటే అంత కొడుతుంది.