పంజాగుట్టలో మా మామ విన్న జపాన్ సినిమా

మా మామ వరంగల్‌లో క్రైమ్ రిపోర్టర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. ఆయన్ని ఆ ఉద్యోగంలోకి లాగింది ఒక పాత జపాన్ సినిమా. ఒక అమ్మాయి హత్య వెనక ఎవరున్నారో తేల్చడానికి పరుగులుపెట్టే విలేకరుల కథ. కాలేజీ రోజుల్లో చూస్తుండగా సరిగ్గా చివర్లో కరెంటు పోయింది. ఆ ముగింపు చూడాలన్న కోరిక ఆయనకు అలాగే ఉండిపోయింది. ఈలోగా షుగర్ వచ్చి చూపు పోయింది. ఫోన్‌లో పెట్టి వినిపిస్తానంటే వద్దన్నాడు. సినిమా అంటే హాల్లో, నలుగురి మధ్యే అని ఆయన పంతం. పంజాగుట్టలో ఒక ఫిల్మ్ క్లబ్ ఆదివారం అదే సినిమా వేస్తోందని తెలిసి ఆయన్ని బయల్దేరదీశాను.

పొద్దున కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగాం. స్టేషన్ పక్కనే మెట్రో. అమీర్‌పేటలో లైన్ మారాలి. ఆదివారమైనా అక్కడ కోచింగ్ పిల్లల రద్దీ తగ్గలేదు. బయటికొచ్చి భోజనం చేసి, మళ్ళీ ఎక్కి ఒక్క స్టేషన్ వెళ్తే పంజాగుట్ట. రెండుచోట్లా లిఫ్ట్ ఉండడంతో మామకు ఇబ్బంది కాలేదు. అక్కడి నుంచి ఆటో. మేం సినిమాకు వెళ్తున్నామని విని డ్రైవర్ అద్దంలో మామ నల్లకళ్ళద్దాల వంక చూశాడు.

"గట్లెట్ల పెద్దాయనా?" అన్నాడు.

"మొత్తం ఎప్పుడో చూసిన తమ్మీ. ఆఖరుది ఒక్కటి ఇనొస్త," అన్నాడు మామ.

నేను ముందే ఫోన్ చేసి చెప్పడంతో, క్లబ్ వాళ్ళు కృష్ణానగర్‌లో ఉండే డబ్బింగ్ ఆర్టిస్ట్ సరళగారిని మామ పక్కన కూర్చోబెట్టారు. తెరమీద ఇంగ్లిష్ సబ్‌టైటిల్ పడగానే ఆవిడ దాన్ని మెల్లగా తెలుగులో చెప్పేది. ఎడిటర్ గద్దింపు, కుర్ర విలేకరి తొందర, భయపడిన సాక్షి నసుగుడు, అన్నీ ఆ ఒక్క గొంతులోనే. నాకు మహా ముచ్చటేసింది. తెరమీద పెదవి కదిలినంతసేపే ఆవిడ మాట, ఆగితే ఠక్కున ఆగిపోతుంది. డబ్బింగ్ థియేటర్‌లో పడిన అలవాటట.

చివరికి హంతకుడు దొరికాడు, పేపర్ అచ్చుకు వెళ్ళింది. ఆ తర్వాత తెరమీద మాటల్లేవు. కుర్ర విలేకరి వానలో ఒక సందులోకి నడిచాడు. ఎవరి పెదవీ కదలడం లేదు కాబట్టి సరళగారూ మాట్లాడలేదు. అన్నేళ్ళు ఎదురుచూసిన ముగింపు దగ్గరే మామ మళ్ళీ చీకట్లో ఉండిపోయాడని నాకు ప్రాణం ఉసూరుమంది. చెబుదామని వంగాను. మామ నా చెయ్యి పట్టుకుని ఆపాడు. నడుస్తున్న బూట్ల చప్పుడు అప్పుడే ఆగింది.

"సచ్చిపోయిన పిల్ల ఇంటి ముంగట నిలవడ్డడు గదా," అన్నాడు. "తలుపు కొట్టనీకి చెయ్యి లేస్తలేదు. నేను సుత గట్లనే నిలవడేటోణ్ణి."

సరళగారు కళ్ళు తుడుచుకుంది. "అవును సార్," అంది. "ఇంకా కొట్టలేదు."

తిరుగు ప్రయాణంలో మామ ముఖంలో ఎంతో నెమ్మది కనిపించింది. ఆయన వార్తలు చిన్నప్పటినుంచీ చదివాను. వాటి వెనక ఇన్ని తలుపులున్నాయని ఆ రోజే తెలిసింది. చూపులేని వాళ్ళను ఇలా తీసుకెళ్ళాలనుకుంటే నిర్వాహకులకు ముందే చెప్పండి, పక్కన చెప్పేవాళ్ళను ఏర్పాటు చేస్తారు. తెరమీద మాటలు ఆగినప్పుడు మాత్రం తొందరపడి మీరు చెప్పకండి, ఏం జరుగుతోందో ముందు ఆ చూపులేని వాళ్ళనే అడగండి.