రాత్రంతా నానాల్సిన దుంప

ఈ ఉదయం లేచి వంటింటి వైపు నడుస్తుంటే పుల్లటి వాసన తగిలింది. పులిసిన పిండి వాసన కాదు, విరిగిన పాల వాసనా కాదు. రాత్రంతా నీళ్లలో నానిన కర్రపెండలం వాసన. మలేషియాలో మేం దాన్ని ఉబి అంటాం. ఆ వాసన మా ఇంటిది కాదు, ఒకప్పటి ఎదురింటిది. ఎదురింట్లో ఇప్పుడు వేరేవాళ్లు ఉంటున్నారు. అయినా ఎంగోజీ ఆంటీ తిరిగొచ్చేసిందేమోనని వీధి తలుపు దాకా వెళ్లి, గొళ్లెం మీద చెయ్యి వేసి, నా తిక్కకి నేనే నవ్వుకుని వెనక్కి వచ్చాను.

ఎంగోజీ ఆంటీది నైజీరియా, ఇగ్బో జాతి. క్లాంగ్‌లో మా ఫ్లాటుకి ఎదురుగా ఉండేది, ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్పేది. ఏం గొంతో అది! చర్చిలో ఆమె పాట అందుకుంటే మిగిలిన మేమంతా పెదవులు కదిపితే చాలు. మాట్లాడేది ఇంగ్లీషు, మధ్యమధ్య ఇక్కడ నేర్చుకున్న మలాయ్. నాకు గుర్తున్న ఆమె మాటల్ని మన భాషలో చెబుతున్నాను. ఆమె కోపంగా ఉందో ప్రేమగా ఉందో నాకు ఏనాడూ సరిగా తెలిసేది కాదు. రెండింటికీ ఒకటే మొహం పెట్టేది.

ఒక శనివారం వాళ్ల తలుపు తీసి ఉంది. నేల మీద పెద్ద బేసిను ముందేసుకుని, ఉడికించిన ఉబిని సన్నగా చీలికలు కోస్తోంది. నన్ను చూసి ఒక కత్తి చేతికిచ్చింది. రమ్మనలేదు, కూర్చోమనలేదు. కోతంతా అయ్యాక, "దీన్ని రాత్రంతా నీళ్లలో ఉంచాలి" అంది. "సరే ఆంటీ" అన్నాను. అంతే, గయ్యిమని లేచింది. "సరేనా? ఎందుకు అని అడగవా? రేపు రాళ్లు నానబెట్టమన్నా సరే అంటావా? ఎందుకని అడగనివాళ్లకి నేను వండి పెట్టను, పో." నా బుర్ర తిరిగిపోయింది. మా ఇంట్లో పెద్దవాళ్లని ఎందుకని అడగడమంటే ఎదురు చెప్పడమే. నలభై దగ్గరపడుతున్న దాన్ని, చిన్నపిల్లలా బిక్కమొహం వేసుకుని "ఎందుకు ఆంటీ?" అన్నాను. "విషం దిగడానికి" అంది, ఏదో ఉప్పు సంగతి చెప్పినట్టు.

మర్నాడు చర్చి నుంచి వచ్చాక ఆ వంట చూశాను. దాని పేరు అబాచా. ఎర్రటి పామాయిల్‌లో ఏదో ఉప్పురాయి కరిగించిన నీళ్లు పోసి కలుపుతుంటే నూనె చిక్కబడి పసుప్పచ్చగా మారింది. మా నాన్న బాగన్ దాతుక్ ఎస్టేటులో జీవితమంతా ఆ నూనె గెలలే కోశాడు, ఆ ఎర్రనూనె మాత్రం మా పొయ్యి మీదకి ఎప్పుడూ రాలేదు. అందులో కడిగి పిండిన ఉబి చీలికలు, ఎండురొయ్యల పొడి, మిరపకాయలు, ఉల్లిపాయలు, పచ్చి వంకాయ ముక్కలు వేసి కలిపింది. వరండాలో పెయింటు డబ్బాలో పెంచే చేదాకు కోసుకొచ్చి, దారాల్లా తరిగి పైన చల్లింది. పక్కన వేయించిన చేప. నేను చెయ్యి పెట్టబోతే వేళ్ల మీద ఒక్కటి వేసి, ముందు ఒక చిన్న గిన్నెలో కొంచెం తీసి కిటికీ దగ్గర పెట్టింది. ఈసారి అడగడం మర్చిపోలేదు. "మా ఇంట్లో పోయినవాళ్లకి. వాళ్లు ముందు తినాలి" అంది. తిన్నాను. పులుపు, కారం, చివర చేదు. నచ్చిందో లేదో కూడా తేల్చుకోలేక ఇంకోసారి వడ్డించుకున్నాను.

ఇంటికొచ్చి ఈ గిన్నె సంగతి అమ్మకి చెప్పాను. ఉబి సంగతి మాత్రం చెప్పలేదు, అమ్మ దాన్ని ఇంట్లోకి రానివ్వదు. అమ్మ మొహం చిట్లించింది. "సర్చికెల్లే మనిసి సేసే పనేటే అది? సచ్చినోలకి కూడెడతాదా?"

ఈస్టర్‌కి ఆంటీ పళ్లెం నిండా అబాచా పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. తన కంటే పెద్ద ఆడవాళ్లందర్నీ ఆమె మమా అనేది. "మమా, మీకోసం" అని నవ్వుతూ మూత తీసింది. అమ్మ పళ్లెంలోకి చూసింది, రెండడుగులు వెనక్కి వేసింది. "తీసుకెల్లిపొమ్మను" అని నాతో అని లోపలికి వెళ్లి తలుపేసుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆంటీ పళ్లెం మీద మూత పెట్టి నన్నే చూస్తూ, "ఎందుకు?" అంది. తెలియదన్నాను. "ఆవిడ మీ అమ్మ. నీకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? వెళ్లి కనుక్కో."

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అమ్మని ఎందుకని అడిగాను. తిడుతుందనుకున్నాను. అమ్మ మంచం అంచున కూర్చుని గోడకి చెబుతున్నట్టు చెప్పింది.

"జపానోలు ఈ దేసాన్ని ఏలిన కాలంలో బియ్యం నేవు. ఎస్టేటంతా ఉబియే తిన్నారు. ఓ సాయంత్రం మీ అమ్మమ్మకి సేదు దుంప దొరికినాది. పిల్ల ఆకలని ఒకటే ఏడుపు. బేగి తురిమీసి, ఉడికీ ఉడక్కుండా పెట్టీసినాది. తెల్లారేసరికి పిల్ల నేదు. మా అక్క. మేరీ. నేనప్పటికింకా పుట్టనేదు."

"అమ్మమ్మ ఏమనేది?"

"ఏటంటాది? ఉబి మన గుమ్మం దాటకూడదన్నాది, అంతే. సచ్చేదాకా మరి అక్క పేరెత్తనేదు. మా అమ్మ సేత్తోనే పిల్ల పోయినాదని ఎస్టేటులో అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను."

ఇన్నేళ్లుగా అమ్మ తన తల్లి మీద మోస్తున్న మాట అది. నేను ఓదార్చాలో ఊరుకోవాలో తెలియక దుప్పటి మడతపెడుతూ నిలబడ్డాను.

మరుసటి శనివారం ఇదంతా ఆంటీకి చెప్పాను. ఆమె చేతులు బేసినులోనే ఉన్నాయి. చెప్పడం అవగానే లేచి, ఆ నానబెట్టిన ఉబినంతా ఎత్తుకెళ్లి కాలువలో పారబోసింది. ఒక్క ముక్క మిగల్చలేదు. "వెళ్లు" అంది. తలుపు మూసేసింది. నేనేం తప్పు మాట్లాడానో నాకు అర్థం కాలేదు. ఆ తర్వాత వారాల తరబడి చర్చిలో కూడా వేరే వరసలో కూర్చుంది. అమ్మని బాధపెట్టానని కుమిలిపోతోందా? తన వంటని విషమన్నామని రోషమా? అటు అమ్మ నోరు విప్పదు, ఇటు ఆంటీ తలుపు తీయదు. మధ్యలో నేను పిచ్చిదానిలా తిరిగాను.

ఒక సాయంత్రం ఆంటీయే మా తలుపు కొట్టింది. చేతిలో మట్టి కూడా వదలని పచ్చి దుంపలు. నన్ను తోసుకుని నేరుగా అమ్మ దగ్గరికి వెళ్లి, నేల మీద కూర్చుంది. వచ్చీరాని మలాయ్‌లో అమ్మకే చెప్పింది.

"మమా, మీ అమ్మ చెయ్యి చెడ్డది కాదు. ఈ దుంపకి ఒక రాత్రి కావాలి. ఆకలితో ఏడ్చే పిల్ల రాత్రంతా ఎలా ఆగుతుంది? మా దేశంలో యుద్ధమప్పుడు మా అమ్మ కూడా ఆగలేకపోయింది. మా అన్నకి పెట్టేసింది. వాడు బతికాడు. అదృష్టం, అంతే. ఇంకేం తేడా లేదు."

నేను తెలుగులో చెప్పబోయాను. అమ్మ చెయ్యెత్తి ఆపింది. ఆ దుంపల్ని చూసి, "కత్తి తే" అంది నాతో. ఇద్దరూ కలిసి ఎదురింటికెళ్లి చెక్కు తీశారు, ఉడికించారు, కోశారు, నానబెట్టారు. తెల్లారి అమ్మే వెళ్లి కడిగింది. నీళ్లు తేటపడ్డాక కూడా కడుగుతూనే ఉంది, ఆంటీ వద్దనలేదు. తినమంటే మాత్రం తల అడ్డంగా ఊపి ఇంటికి వచ్చేసింది.

కాలేజీలో ఒప్పందం ముగిసి ఆంటీ వాళ్ల దేశం వెళ్లిపోతూ, ఆ బేసినూ, చేదాకు మొక్క ఉన్న పెయింటు డబ్బానూ అమ్మకిచ్చింది. నాకు ఏమీ ఇవ్వలేదు. అబద్ధమెందుకు, ఉక్రోషం వచ్చింది. ఆమె వెనక తిరిగింది నేను, ముక్కలు కోసింది నేను! నా బుగ్గ గిల్లి, "నీకు ఇచ్చేశాను కదా" అంది. ఏమిచ్చిందో విమానం ఎక్కేదాకా అడగలేదు చూడండి. అడగాల్సిన రోజునే నోరు పెగల్లేదు.

ఇవన్నీ తలుచుకుంటూ ఈ ఉదయం వంటింట్లో అడుగు పెట్టాను. అమ్మ పీట మీద కూర్చుని ఆ బేసినులో ఉబి పిండుతోంది. ఇన్నేళ్లూ ఆ బేసినులో బట్టలు తప్ప ఇంకేమీ నానలేదు. "అలా నిలబడిపోయినావేటే? ఉల్లిపాయలు తరుగు" అంది. తరిగాను. ఎర్రనూనె పసుప్పచ్చగా మారేదాకా అమ్మే కలిపింది. చేదాకు చల్లింది. ఆకలేసి చెయ్యి పెట్టబోతే వేళ్ల మీద ఒక్కటి వేసింది. ఒక చిన్న గిన్నెలో కొంచెం తీసి కిటికీ దగ్గర పెట్టింది.

ఒకప్పుడైతే చూసీ చూడనట్టు ఊరుకునేదాన్ని. ఇప్పుడు ఊరుకోవడం చేతకాదు, ఆ మనిషి అలా చేసి వెళ్లింది నన్ను.

"ఎందుకమ్మా అది?"

అమ్మ గిన్నెని వెలుతురు పడే వైపు జరిపింది.

"అక్కకి. రాత్రంతా నానబెట్టినాను. ఇప్పుడు తినొచ్చు."